రోడ్డు లేకపోవడం కూడా దేవుడి చిత్తమేనా?

(ఫాదర్ స్టాన్ స్వామి వర్ధంతి, జూలై 5న ఏజెన్సీ యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)



తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో ఆదివారం ఆరాధనకు పోయేవాళ్ళున్నారు. భూమి పండగకు డోలు కొట్టేవాళ్ళున్నారు. రెండూ చేసేవాళ్ళు కూడా ఉన్నారు, నాకు తెలుసు. ఏ దేవుణ్ణీ నమ్మకుండా ఉద్యమాన్ని నమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. నేను కోయ బిడ్డను, క్రైస్తవురాలిని. ఇవాళ స్టాన్ స్వామి గారి గురించి మాట్లాడమన్నారు. దానికి ముందు మా వైపు ఒక తల్లి అడిగిన ప్రశ్న మీ ముందు పెడతాను. ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది ఆయన జీవితంలోనే.

వానాకాలం. కొండ మీది గూడెం. రాత్రిపూట నొప్పులొచ్చాయి. కింద రోడ్డు దాకా అంబులెన్సు వస్తుంది, పైకి రాదు. కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకొచ్చారు. మధ్యలో వాగు పొంగింది. నీళ్ళు తగ్గేదాకా ఒడ్డునే ఆగారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. మీలో చాలామందికి ఇది కొత్త కథ కాదు. మీ అమ్మనో, అక్కనో, వదిననో మీరే భుజం మీద మోసి ఉంటారు.

మూడో రోజు ఆ ఇంట్లో ప్రార్థన పెట్టారు. నేనూ పోయాను. ప్రార్థన చేసినాయన మంచి మనిషి, ఆ కొండ ఎక్కి వచ్చినవాడు. ఆయన అన్నాడు, "తల్లీ, ఇది దేవుడి చిత్తం. ఇది నీ విశ్వాసానికి పరీక్ష. ఓర్చుకో." ఆమె అప్పటిదాకా తల దించుకునే ఉంది. తలెత్తి ఒక్క మాట అడిగింది, "అయ్యగారూ, రోడ్డు లేకపోవడం కూడా దేవుడి చిత్తమేనా?"

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ మౌనం నన్ను చాలా కాలం వెంటాడింది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇవాళ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు రెండు మాటల గురించి చెప్పాలి. తెలుగు బైబిల్లో కష్టాలకు వాడే మాట "శ్రమ". చర్చిలో "నాకు శ్రమలు వచ్చాయి" అంటారు. బయట శ్రమ అంటే ఒంటి కష్టం, పని, చెమట. రెండో మాట "నిరీక్షణ". బైబిల్లో దాని అర్థం ఆశ. బయట నిరీక్షణ అంటే ఎదురుచూపు. ఒకే మాటకు చర్చి లోపల ఒక అర్థం, గుమ్మం దాటితే ఇంకో అర్థం.

ఇదేదో పండితుల ముచ్చట అనుకోకండి. మన బతుకంతా ఈ రెండు అర్థాల మధ్యే ఇరుక్కుంది. పోడు పట్టా కోసం నిరీక్షణ. పునరావాస ప్యాకేజీ కోసం నిరీక్షణ. రోడ్డు సాంక్షన్ కోసం నిరీక్షణ. కోర్టు వాయిదా కోసం నిరీక్షణ. ఆదివాసీకి ఎదురుచూడటం ఎవరూ నేర్పక్కర్లేదు. అలాంటి మనకు చర్చిలో కూడా "నిరీక్షించు" అని చెప్తే, మనకు వినపడేది "ఇంకా ఎదురుచూడు" అనే. ఈ లోకంలో ఎమ్మార్వో ఆఫీసు ముందు, పరలోకం కోసం ప్రార్థనలో. ఎక్కడైనా మన పని కూర్చోవడమే అన్నట్టు.

కానీ ఆ మాటకు బైబిల్లో అలాంటి అర్థం లేదు. రోమా పత్రిక ఐదో అధ్యాయం తీసి చదవండి. పౌలు ఒక వరస చెప్తాడు. శ్రమ నుంచి ఓర్పు, ఓర్పు నుంచి గట్టిపడిన మనిషి, ఆ మనిషి నుంచి నిరీక్షణ. గమనించండి, ఆశ ఆఖరున వస్తోంది. అది పైనుంచి ఊడిపడే వస్తువు కాదు, కష్టంలో నిలబడ్డవాళ్ళలో తయారయ్యేది. ఇది రాసిన పౌలు దెబ్బలు తిన్నాడు, జైళ్ళు చూశాడు. చల్లని గదిలో కూర్చుని "ఓర్చుకో" అని చెప్పినవాడు కాదు.

ఆ తల్లి ప్రశ్నకు దగ్గరగా ఉన్న పుస్తకం యోబు గ్రంథం. యోబు కథ అందరికీ తెలుసు. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్ళంతా పుండ్లు. ముగ్గురు స్నేహితులు పరామర్శకు వచ్చారు. మొదట ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత మాటలు మొదలుపెట్టారు. నువ్వు ఏదో పాపం చేసుంటావు, దేవుడు ఊరికే శిక్షించడు, ఒప్పుకో అన్నారు. యోబు ఒప్పుకోలేదు. దేవుడితోనే వాదానికి దిగాడు. 24వ అధ్యాయంలో ఆయన అడిగే ప్రశ్నలు చూడండి. పొలం గట్టు రాళ్ళు జరిపి భూమి కాజేసేవాళ్ళ గురించి అడుగుతాడు. ఆకలితో పరాయివాళ్ళ పనలు మోసే పేదల గురించి అడుగుతాడు. దాహంతో ఉండి కూడా పరాయివాళ్ళ ద్రాక్షలు తొక్కే కూలీల గురించి అడుగుతాడు. తన పుండ్ల గురించి మొదలుపెట్టినవాడు ఊరి పేదల భూమి దగ్గరికి వచ్చాడు. చివరికి దేవుడు ఏమన్నాడు? తప్పు మాట్లాడింది ఆ స్నేహితులేనని, సరిగ్గా మాట్లాడింది యోబేనని అన్నాడు. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ళకు చీవాట్లు, దేవుణ్ణి నిలదీసినవాడికి మెప్పు.

కాబట్టి ఆ తల్లి అడిగింది అవిశ్వాసపు మాట కాదు. ఆ ఇంట్లో ఆ రోజు బైబిల్‌కు దగ్గరగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

ఇంకో కథ చెప్తాను. ఇది మన ఏజెన్సీ చర్చిల్లో ప్రతి ఏడాదీ చెప్పాల్సిన కథ. రాజులు మొదటి గ్రంథం 21వ అధ్యాయం. నాబోతు అనే ఒక రైతు ఉన్నాడు. రాజు అహాబు కోట పక్కనే అతని ద్రాక్షతోట. రాజుకు ఆ తోట కావాలి. ముందు మర్యాదగానే అడిగాడు. దీనికి బదులు ఇంతకంటే మంచి తోట ఇస్తా, లేదంటే డబ్బిస్తా అన్నాడు. భూమికి భూమి, లేకపోతే నగదు. ఈ బేరం ఎక్కడో విన్నట్టుంది కదా?

నాబోతు ఇవ్వనన్నాడు. ఇది నా తాతతండ్రుల భూమి అన్నాడు. వాళ్ళ ధర్మశాస్త్రంలో భూమిని శాశ్వతంగా అమ్మకూడదని ఉంది. లేవీయకాండం 25లో చూడొచ్చు. మనకు 1/70 చట్టం ఎలాగో వాళ్ళకు అది అలాగ. రాజు మొహం మాడ్చుకుని అన్నం మానేసి పడుకున్నాడు. అప్పుడు రాణి యెజెబెలు రంగంలోకి దిగింది. రాజముద్ర వేసి ఊరి పెద్దలకు ఉత్తరాలు పంపింది. ఇద్దరు దొంగ సాక్షులను నిలబెట్టారు. ఏమని కేసు పెట్టారో తెలుసా? నాబోతు దేవుణ్ణీ రాజునీ దూషించాడని. మన భాషలో చెప్పాలంటే దైవద్రోహం, రాజద్రోహం. విచారణ పేరుకు జరిగింది. రాళ్ళతో కొట్టి చంపేశారు. అంతా కాగితాల ప్రకారమే జరిగింది, ముద్ర కూడా ఉంది. తర్వాత రాజు తోటను స్వాధీనం చేసుకోవడానికి పోయాడు.

అక్కడ తోటలోనే ఏలీయా ప్రవక్త ఎదురయ్యాడు. చంపిందీ నువ్వే, స్వాధీనం చేసుకుంటోందీ నువ్వే అని మొహం మీదే నిలదీశాడు. బైబిల్లో నాబోతు చావును ఎవరూ దేవుడి చిత్తం అనలేదు. దేవుడి చిత్తం ఏలీయాను ఆ తోటకు పంపడంలో ఉంది.

ఇక సిలువ. చర్చిలో సిలువ చూసీ చూసీ మనకు అదొక అలంకారం అయిపోయింది. అప్పట్లో అది రోమా ప్రభుత్వం బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. యేసు రోగంతో చనిపోలేదు, ప్రమాదంలో చనిపోలేదు. రాత్రిపూట పట్టుకెళ్ళారు. దొంగ సాక్ష్యాలు చెప్పించారు. శిక్ష వేసిన గవర్నరుకే ఆయన నేరం చేయలేదని తెలుసు. తల పైన తగిలించిన పలకలో ఆయన మీద మోపిన నేరం రాసి ఉంది, యూదుల రాజునన్నాడని. అదీ రాజద్రోహమే. ఆ సిలువ మీద ఆయన నవ్వుతూ ఓర్చుకోలేదు. దేవుడా, నన్నెందుకు వదిలేశావని గట్టిగా అరిచాడు. తర్వాత లేచాడని మా నమ్మకం. లేచాక కూడా చేతుల్లో గాయాలు అలాగే ఉన్నాయి, తోమాకు వాటినే చూపించాడు. అంటే మా విశ్వాసంలో ఆశకు గాయాలుంటాయి. జరిగిన అన్యాయాన్ని మర్చిపొమ్మని అది చెప్పదు.

ఇప్పుడు ఫాదర్ స్టాన్ దగ్గరికి వస్తాను.

ఆయన ఆదివాసీ కాదు. 1937లో తమిళనాడు తిరుచిరాపల్లి జిల్లాలో పుట్టారు. ఇరవై ఏళ్ళకు జెస్యూట్ సభలో చేరారు. కుర్రతనంలోనే సింగ్‌భూమ్ ప్రాంతంలో, హో ఆదివాసీ పిల్లలు చదివే బడిలో పనిచేశారు. పిల్లలతో పాటు వారపు సంతకు పోయేవారు. అక్కడ వాళ్ళ తల్లిదండ్రులు తెచ్చిన సరుకును బయటి వర్తకులు ఎలా మోసం చేసి కొంటున్నారో కళ్ళారా చూశారు. చింతపండు, ఇప్పపువ్వు తూకం దగ్గర మన అమ్మలు ఎలా మోసపోతారో మీకు తెలుసు కదా, అదే. ఆయన ప్రయాణం ఆ సంతలో మొదలైంది. మనీలాలో చదివారు, బ్రస్సెల్స్‌లో చదివారు, బెంగళూరులో ఒక సామాజిక సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. అన్నీ అయ్యాక జార్ఖండ్ ఆదివాసీల దగ్గరికే తిరిగొచ్చారు. 2006లో రాంచీ దగ్గర బగైచా కేంద్రం మొదలుపెట్టారు. ఆ ఆవరణలో బిర్సా ముండా విగ్రహం ఉంది. పోరాటాల్లో చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉంది. ఒక క్రైస్తవ ఫాదర్ తన వాకిట్లో నిలబెట్టిన జ్ఞాపకాలు అవి.

ఆయన అడిగినవన్నీ చట్టంలో ఉన్నవే. ఐదో షెడ్యూల్ ఎందుకు అమలు చేయరు? 1996 పెసా చట్టం సంగతేంటి? 2006 అటవీ హక్కుల చట్టం కింద ఎన్ని దరఖాస్తులు కొట్టేశారు? సమత తీర్పును ఎందుకు పక్కన పెట్టారు? సమత తీర్పు ఎక్కడిది? మనదే. విశాఖ ఏజెన్సీలో బొర్రా చుట్టుపక్కల గనుల మీద పోరాడితే 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. మన కొండల్లో పుట్టిన తీర్పును పట్టుకుని ఆ తమిళ ఫాదర్ జార్ఖండ్ ముండాల కోసం వాదించారు.

తర్వాత జైళ్ళ వైపు చూశారు. నక్సలైట్లని ముద్ర వేసి జార్ఖండ్ జైళ్ళలో పెట్టిన 102 మంది విచారణ ఖైదీల వివరాలు సేకరించి, 2016లో ఆయన బృందం నివేదిక తెచ్చింది. అలాంటి దాదాపు మూడు వేల మంది తరఫున జార్ఖండ్ హైకోర్టులో ఆయన కేసు వేశారు. వాళ్ళను వేగంగా విచారించండి, నేరం రుజువు కాకపోతే వదిలేయండి అన్నదే ఆయన కోరింది. మన దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు శిక్ష పడినవాళ్ళు కాదు, విచారణ కోసం "నిరీక్షిస్తున్న" వాళ్ళే. ఈ మాట ఇక్కడ మళ్ళీ ఎదురుపడింది చూడండి.

ఖుంటి జిల్లా ముండాలు ఐదో షెడ్యూల్, పెసా నిబంధనలను రాళ్ళ మీద చెక్కి ఊరి పొలిమేరల్లో పాతారు. పథల్‌గడీ ఉద్యమం అంటే అదే. దాన్ని సమర్థిస్తూ ఫేస్‌బుక్‌లో రాశారని 2018లో ఆయనతో సహా ఇరవై మంది మీద కేసు పెట్టారు. ఏ కేసు? రాజద్రోహం. నాబోతు కేసే.

2020 అక్టోబర్ 8 రాత్రి బగైచాలో ఆయన్ను ఎన్‌ఐఏ అరెస్టు చేసింది. భీమా కోరేగావ్ కేసు, ఉపా చట్టం. అప్పటికి ఆయనకు 83 ఏళ్ళు, పార్కిన్సన్ జబ్బు. అరెస్టుకు రెండు రోజుల ముందు ఒక వీడియోలో మాట్లాడారు. నాకు జరుగుతున్నది నా ఒక్కడికే జరుగుతున్నది కాదు, నేను ఊరికే చూస్తూ ఉండలేదు కాబట్టి ఇందులో భాగమైనందుకు సంతోషమే, దీనికి ఏ మూల్యమైనా చెల్లిస్తాను అన్న అర్థంలో చెప్పారు. ముంబై దగ్గర తలోజా జైలుకు పంపారు. మన తెలుగు కవి వరవరరావు గారు కూడా అదే కేసులో అదే జైల్లో ఉన్నారు.

చేతులు వణికే మనిషి గ్లాసు పట్టుకోలేడు. నీళ్ళు ఒలికిపోతాయి. స్ట్రా, మూత ఉన్న సిప్పర్ గ్లాసు ఇప్పించమని నవంబర్‌లో కోర్టును అడిగారు. జవాబు చెప్పడానికి ఎన్‌ఐఏకు ఇరవై రోజుల గడువిచ్చారు. ఇరవై రోజుల తర్వాత, ఆయన స్ట్రా, సిప్పర్ మేం తీసుకోలేదు అని చెప్పింది. దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో తలోజా జైలు అడ్రసుకు ఆన్‌లైన్‌లో సిప్పర్లు ఆర్డర్ పెట్టారు. చివరికి జైల్లో ఒకటి ఇచ్చారు.

ఆ జైలు నుంచి ఆయన రాసిన ఉత్తరాలు చూస్తే దేవుణ్ణి ఎక్కడ చూశారో అర్థమవుతుంది. దర్శనాల గురించి రాయలేదు. 13 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న గదిలో తనతో పాటు ఉన్న ఇద్దరు పేద ఖైదీల గురించి రాశారు. రాత్రిపూట అన్నం తినడానికి వాళ్ళే సాయపడేవారట, బట్టలు ఉతికిపెట్టేవారట, మోకాళ్ళు నొక్కేవారట. సహనిందితుడు అరుణ్ ఫెరీరా పొద్దున, మధ్యాహ్నం తినిపించేవాడట, వెర్నన్ గొన్సాల్వెస్ స్నానం చేయించేవాడట. వాళ్ళ కోసం ప్రార్థించమని అడిగారు. ఇంత అడ్డంకుల మధ్య కూడా తలోజాలో మానవత్వం పొంగుతోందని రాశారు. ఇంకో ఉత్తరంలో, తమ మీద ఏ కేసు ఉందో కూడా తెలియకుండా ఏళ్ళ తరబడి మగ్గుతున్న పేద ఖైదీల గురించి రాశారు. పంజరంలో ఉన్నా పాట ఆగదు అన్న భావంతో ముగించారు.

శ్రమలో అర్థం దొరకడం అంటే ఇదే అని నాకు అనిపిస్తుంది. నాకే ఎందుకు ఇలా అన్న ప్రశ్న దగ్గర ఆయన ఆగిపోలేదు. నా పక్కన ఇంకెవరున్నారు అని చూశారు. ఆయన నొప్పి ఆయన్ను ఇంకా చాలామంది నొప్పి దగ్గరికి తీసుకుపోయింది.

2021 మార్చిలో బెయిలు తిరస్కరించారు. మే 21న వీడియోలో హైకోర్టు ముందు మాట్లాడారు. వచ్చినప్పుడు నా అంతట నేను తినగలిగేవాడిని, నడిచేవాడిని, రాసేవాడిని, ఇప్పుడు ఒక్కొక్కటే పోతున్నాయి, ఆసుపత్రి వద్దు, నా వాళ్ళ దగ్గర ఉండనివ్వండి అన్నారు. ఆ తర్వాత కోర్టు ఆదేశంతో మిషన్ ఆసుపత్రిలో చేర్చారు. కోవిడ్ అని తేలింది. జూలై 5న, బెయిలు విషయం కోర్టు ముందుకు వచ్చిన రోజే, ఆయన చనిపోయారన్న వార్త కోర్టుకు చెప్పారు. వయసు 84. కేసు విచారణ అప్పటికి మొదలే కాలేదు. 2022 డిసెంబర్‌లో అమెరికా ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ ఆయన కంప్యూటర్‌ను పరిశీలించి, అందులో దొరికాయన్న పత్రాలు బయటినుంచి చొప్పించినవని చెప్పింది.

ఆయన చావు దేవుడి చిత్తమా? నేను కాదంటాను. ఆయన చావు చిన్న చిన్న సంతకాల మీద, ఇరవై రోజుల గడువుల మీద, వాయిదాల మీద నడిచింది. దేవుడి చిత్తం ఎక్కడుందో అడిగితే, మోకాళ్ళు నొక్కిన ఆ పేద ఖైదీ చేతుల్లో ఉందంటాను.

ఇక్కడ నేను ఒక తేడా పట్టుకున్నాను. కష్టానికి కారణం వేరు, కష్టంలో మనం వెతుక్కునే అర్థం వేరు. మన సమస్యంతా ఈ రెంటినీ కలిపేయడంతోనే. రోడ్డు ఎందుకు పడలేదు అన్నది ఐటీడీఏలో, పంచాయతీరాజ్ ఆఫీసులో, గ్రామసభలో అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు దేవుడి నోట పెడితే ఆఫీసరు బతికిపోతాడు, దేవుడు దోషి అవుతాడు. బిడ్డను పోగొట్టుకున్న ఈ గుండెతో రేపు పొద్దున ఎలా లేవాలి అన్నది ప్రార్థనలో అడగాల్సిన ప్రశ్న. దానికి ఏ ఆఫీసులోనూ జవాబు దొరకదు. మన ఉద్యమాలు కూడా ఒక్కోసారి మొదటి ప్రశ్న మాత్రమే అడిగి, రెండో ప్రశ్నతో ఆమెను ఒంటరిగా వదిలేశాయి.

మతం మత్తుమందు అనే మిత్రులకు ఇదే నా మనవి. మీరు చెప్పేది చాలాసార్లు నిజమే. ఓర్చుకో తల్లీ అన్న మాట మత్తుమందే. కానీ పోలవరం ముంపు ఊళ్ళకు పోయి చూడండి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అలాంటి వరదల్లో కొండ మీద టార్పాలిన్ కింద కూర్చున్నవాళ్ళు ప్రార్థన చేస్తారు. అదే జనం పొద్దున్నే ప్యాకేజీ కోసం ధర్నాకు వస్తారు. వాళ్ళను నిలబెడుతున్నదేంటో ఒకసారి కూర్చుని వినండి.

ఇప్పుడు నా చర్చివాళ్ళతో. మనం కూడా తప్పులు చేశాం. డోలు సైతానుది అన్నాం. తాతముత్తాతల రాళ్ళను తిట్టించాం. కొత్తల పండగ రోజు ఊరితో కలిసి కూర్చోవద్దన్నాం. రాజకీయాలు మనకొద్దు అన్నాం. కానీ రాజకీయాలు మన భూమి దగ్గరికి వచ్చినప్పుడు విశ్వాసి భూమిని వదిలి పోలేదు కదా. యేసును నమ్మడానికి కోయతనం వదలాలని బైబిల్లో ఎక్కడా లేదు. ఆ గాయం మనవాళ్ళకు తగిలించింది మనమే కాబట్టి క్షమాపణ మనమే అడగాలి.

అది అడగకపోతే ఏమవుతుందో పక్కన బస్తర్‌లో చూశాం. 2022 డిసెంబర్‌లో నారాయణపూర్ జిల్లాలో వందల మంది క్రైస్తవ ఆదివాసీలను ఊళ్ళ నుంచి తరిమేస్తే, చలిలో ఇండోర్ స్టేడియంలో తలదాచుకున్నారు. తరిమినవాళ్ళలోనూ ఆదివాసీలున్నారు, తన్నులు తిన్నదీ ఆదివాసీలే. అదే జిల్లాలో ఆమ్దాయి ఘాటి ఇనుప గనికి వ్యతిరేకంగా పోరాడిన ఊళ్ళున్నాయి. శవం ఎక్కడ పూడ్చాలని మనం మనం కొట్టుకుంటుంటే కొండ ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి.

మతం మారితే ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని తిరిగేవాళ్ళు మీ ఊరికీ వస్తారు. మీరు చట్టం తెలుసుకుని ఉండండి. 1950 షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదని, ఆ మనిషి తన తెగ జీవితంతో, ఆచారాలతో ఉన్నాడా లేదా అన్నది చూడాలని 2004లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఊరితో, తెగతో కలిసి ఉండటం మనకు ధర్మమూ, రక్షణా రెండూ.

మీలో ప్రార్థించేవాళ్ళకు మూడు పనులు చెప్తాను. చావు ఇంటికి పోయినప్పుడు మొదట మాట్లాడకండి, యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు కూర్చున్నట్టు కూర్చోండి. తర్వాత ప్రార్థన చేయండి. ఆ తర్వాత అదే ఇంట్లో కూర్చుని అర్జీ రాయండి, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ వాగు దగ్గర, ఎంతసేపు ఆగారో మొత్తం. చర్చిలో చదువుకున్న పిల్లలున్నారు, మైకుంది, వారానికోసారి ఊరంతా చేరే చోటుంది. అటవీ హక్కుల దరఖాస్తులు అక్కడ నింపొచ్చు. గ్రామసభ తీర్మానం అక్కడ చదివి వినిపించొచ్చు. మీ మండలం నుంచి జైల్లో ఉన్న విచారణ ఖైదీ ఎవరో తెలుసుకుని, అతని ఇంటికి పోయి రావచ్చు. ప్రార్థించనివాళ్ళకు ఒక్కటే, ఆ అర్జీ మీద మీరూ సంతకం పెట్టండి.

మా వైపు ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. ఆ తల్లి ప్రశ్న అడిగిన కొన్ని నెలలకు గ్రామసభ జరిగింది. ఆమె వచ్చింది. చర్చికి పోయేవాళ్ళూ, పోనివాళ్ళూ ఒకే కాగితం మీద వేలిముద్రలు వేశారు. ప్రార్థన చేసిన ఆ అయ్యగారు కూడా వచ్చి సంతకం పెట్టారు. రోడ్డు ఇంకా పడలేదు. కొలతలు వేసి పోయారు, అంతే. మళ్ళీ వానలు మొదలయ్యాయి. ఇది గెలుపు కథ అని మీకు చెప్పను.

కానీ మొన్న ఆమెను అడిగాను, ఇంకా ఆరాధనకు పోతున్నావా అని. పోతున్నానంది. ఏమని ప్రార్థిస్తున్నావు అన్నాను. "బిడ్డ పేరు చెప్తాను. తర్వాత రోడ్డు సంగతి అడుగుతాను. దేవుణ్ణీ అడుగుతాను, ఆఫీసులోనూ అడుగుతాను" అంది.

ఆమె చేసేది ఎదురుచూపు కాదు. బైబిల్లో నిరీక్షణ అంటే అదేనని నేను నమ్ముతున్నాను.

ఫాదర్ స్టాన్ స్వామికి జోహార్. పేరు తెలియని విచారణ ఖైదీలందరికీ జోహార్. డోలీ మోసిన భుజాలకు జోహార్.

మావ నాటె మావ రాజ్!